మాట రాని వారి కోపము: పంచాయతీ పెద్దల కర్తవ్యము

గ్రామ పంచాయతీ కార్యాలయమునకు వచ్చు అర్జీలలో అధిక భాగము కుళాయికి, మురుగు కాలువకు, వీధి దీపమునకు సంబంధించినవై యుండును. వానికి సమాధానము చెప్పుట సభ్యులకు అలవాటైన పని. కాని అప్పుడప్పుడు మరియొక విధమైన ఫిర్యాదు వచ్చుచుండును. "ఫలానా వారి అబ్బాయి దారిన పోవు వారిపై రాళ్లు రువ్వుచున్నాడు, వానిని కట్టివేయించుడు" అని యొకరు, "ఫలానా పిల్ల రాత్రియంతయు కేకలు వేయుచున్నది, మాకు నిద్ర లేదు, ఆ యింటివారికి మీరైనను బుద్ధి చెప్పుడు" అని మరియొకరు వచ్చి మొరపెట్టుకొందురు. ఇట్టి అర్జీకి ఏ పద్దు క్రిందను నిధులు లేవు, ఏ నమూనా ఫారమును లేదు. పెద్దలు నలుగురు కూర్చుండి చెప్పిన మాటయే తీర్పగును. ఆ మాట తొందరపాటున చెప్పినదైనచో ఒక మనిషి బ్రతుకంతయు గడియ వేసిన గదిలో గడచిపోవచ్చును. ఆలోచించి చెప్పినదైనచో ఫిర్యాదు చేసినవారికిని, ఆ బిడ్డకును, ఆ తల్లికిని గూడ మేలు కలుగును. అట్టి ఆలోచనకు తోడ్పడు విషయములను కొన్నిటిని ఈ వ్యాసమున వివరించుచున్నాము.

ఒక గ్రామమును తలచుకొందము

మార్కాపురము, గిద్దలూరు, కంభము, ఎర్రగొండపాలెము, కనిగిరి ప్రాంతముల పల్లెలలో వేసవి వచ్చినచో ట్యాంకరు నీళ్ల కొరకు ఎదురుచూచుట మనకందరకు తెలిసినదే. అట్టి ఊరొకటి యున్నదనుకొందము. ఆ ఊర పందొమ్మిదేండ్ల యువకు డొకడు కలడు. పుట్టుకతోనే అతనికి మేధో వైకల్యము. రెండు మూడు మాటలు తప్ప పలుకలేడు. తండ్రి బేల్దారి పని కొరకు హైదరాబాదు వెళ్లియున్నాడు. తల్లి కూలికి పోవుచు, ఆ పిల్లవానిని కనిపెట్టుకొని యున్నది.

ట్యాంకరు వచ్చి హారను మ్రోగించుటయే తడవుగా వీధియంతయు బిందెల చప్పుడు, అరపులు, తోపులాట. ఆ యువకుడు చెవులు మూసికొని కేకలు వేయును. తన ముంజేతిని తానే కొరికికొనును. అడ్డము వచ్చిన వారిని నెట్టివేయును. ఒకనా డట్లు నెట్టగా ఒక వృద్ధురాలు క్రింద పడి చేయి విరిగినది. మరునాడు రచ్చబండ దగ్గర పంచాయతీ. "ట్యాంకరు వచ్చు వేళకైనను వానిని స్తంభమునకు కట్టివేయవలెను" అని కొందరు, "ఎక్కడికైనను పంపివేయుడు" అని కొందరు అనుచున్నారు. దెబ్బ తిన్న వృద్ధురాలి కుమారుని కోపములో న్యాయము లేకపోలేదు. యువకుని తల్లి మాట లేక నిలుచున్నది. సర్పంచిగారు ఏమి చెప్పవలెను? ముందు విషయమును తెలిసికొని, పిదప ఈ ప్రశ్నకు తిరిగి వత్తము.

ఎవరి ప్రవర్తన గురించి ఈ మాట

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. వీరిలో అత్యధికులు ఎవరికిని ఏ ఇబ్బందియు కలిగింపక తమ పని తాము చేసికొనువారే. కొట్టుట, కొరుకుట, తల గోడకు బాదుకొనుట, వస్తువులు పగులగొట్టుట, ఎడతెగక అరచుట, బట్టలు విప్పివేయుట, ఇల్లు విడిచి పరుగెత్తుట మొదలైనవి ముఖ్యముగా మేధో వైకల్యము, ఆటిజము, వినికిడి లేక మాట లేకపోవుట వంటి స్థితులు గల కొందరియందు, అందునను కొన్ని వేళలయందు మాత్రమే కానవచ్చును. కావున "ఆ రోగము వారందరు ఇంతే" యనుట పొరపాటు.

మరియొక భేదమును సభ్యులు గుర్తుంచుకొనవలెను. మేధో వైకల్యము బాల్యముననే ఏర్పడునట్టిది. నేర్చుకొనుట, అర్థము చేసికొనుట నెమ్మదిగా సాగును. ఆటిజము గల వారికి ఇతరులతో మాటలు కలుపుట కష్టము. ధ్వని, వెలుగు, స్పర్శ మనకంటె తీవ్రముగా తగులుట వారిలో తరచుగా కలదు. మానసిక వ్యాధి యనునది వేరు. అది ఏ వయస్సుననైనను రావచ్చును, మందులచే పెక్కురకు నయమగును. మన పల్లెలలో ఈ మూటిని "పిచ్చి" యను ఒక్క మాటతో సరిపెట్టుచుందుము. ఒక్క మాటతో సరిపెట్టినచో చికిత్సయు, సహాయమును దారి తప్పును.

సికింద్రాబాదులోని మనోవికాసనగరున 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ ఈ రంగమున మనవారికి దగ్గరనున్న ముఖ్య కేంద్రము. అచ్చట రీటా పేషావరియా, ఎస్. వెంకటేశన్ అను నిపుణులు 1992లో భారతీయ బాలల కొరకు ఒక మాపనమును సిద్ధపరచిరి. అందు సమస్యాత్మక ప్రవర్తనలను పది తరగతులుగ విభజించి, ఒక్కొక్కటి ఎన్నడును లేదా, అప్పుడప్పుడు కలదా, తరచుగా కలదా యని గుర్తించు ఏర్పాటు చేసిరి. దీని వలన మనము నేర్వదగిన దేమనగా, "ఈ పిల్లవాడు చెడ్డవాడు" అనుట కొలత కాదు. ఏ పని చేయుచున్నాడు, ఎన్నిమారులు చేయుచున్నాడు, ఎప్పుడు చేయుచున్నాడు అని చెప్పగలుగుటయే కొలత.

కేక కూడ ఒక మాటయే

చంటిబిడ్డ ఏడ్చినచో తల్లి బిడ్డను దండింపదు. ఆకలియా, కడుపునొప్పియా, చీమ కుట్టినదా యని వెదకును. మాట రాని వ్యక్తి పెద్దవాడైనను అతని కేకను గూడ అట్లే వినవలెను. నోటితో చెప్పలేనిదానిని దేహముతో చెప్పుచున్నాడని తెలిసికొనవలెను.

1985లో అమెరికాలో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ అను శాస్త్రజ్ఞులు నలుగురు పిల్లలను పరిశీలించిరి. పాఠము కష్టమైనపుడు కొందరును, గురువు తమవంక చూడనపుడు కొందరును అల్లరి చేయుచున్నట్లు తేలినది. అపుడు వారు పిల్లలను దండించుటకు మారుగా రెండు చిన్న వాక్యములు నేర్పిరి. కష్టమైనపుడు "నాకు తెలియలేదు" అనుట, గురువు దృష్టి కావలసినపుడు "నేను బాగుగ చేయుచున్నానా?" అనుట. తమకు కావలసిన వాక్యము చేజిక్కిన పిమ్మట పిల్లల అల్లరి చాల తగ్గినది. కారణము తెలియక నేర్పిన వాక్యము మాత్రము పని చేయలేదు. కావున కారణమును కనుగొనుట మొదటి మెట్టు, అదే అవసరమును తీర్చు మంచి మార్గమును చూపుట రెండవ మెట్టు.

సాధారణముగ కారణములు ఐదు విధములు. మొదటిది దేహబాధ. పిప్పిపన్ను, చెవిలో చీము, మలబద్ధము, నెలసరి నొప్పి, మూర్ఛ, మందుల వలన కలుగు ఇబ్బంది మొదలగునవి. మన ప్రాంతమున ఫ్లోరైడు సంగతిని గూడ మరువరాదు. 1937లోనే నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీటి వలన కలుగు ఎముకల వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించిరి. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు 1970 వరకు ఆ జిల్లాలోనివే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు గల నీటిని ఏండ్ల తరబడి త్రాగిన వారికి నడుము, మెడ, కీళ్లు బిగిసి నొప్పి పుట్టును. మాట వచ్చినవాడు "మోకాలు లాగుచున్నది" అని చెప్పుకొనును. మాట రానివాడు లేపబోయిన చేతిని కొరుకును. ఇది మొండితనమని అనుకొన్నచో వైద్యుని చూపించుట యను ఆలోచనయే మనకు తట్టదు.

రెండవది ఇంద్రియములకు తగులు తాకిడి. హారను, టపాకాయలు, లౌడుస్పీకరు, జనసమ్మర్దము ఇట్టివి. మూడవది అలవాటు తప్పుట. తండ్రి వలసపోవుట, ఇల్లు మారుట, బడి సెలవులు, ఇంట పెండ్లి మనకు చిన్న మార్పులు. రేపటిని ఊహించుకొనలేని వానికి అవి కాళ్ల క్రింది నేల కదలినట్లుండును. నాలుగవది ఏదో కావలెనను కోరిక, లేక ఎవరైనను తనను పలుకరించవలెనను ఆరాటము. దినమంతయు ఒంటరిగ కూర్చున్న వానికి తిట్టుటకైన ఒకరు దగ్గరకు వచ్చుట గొప్ప. ఐదవది తప్పించుకొన గోరుట. నచ్చని పని, ఎగతాళి చేయు మనిషి, తనను మునుపు కొట్టినవాడు ఎదురైనపుడు ఇట్టిది జరుగును.

ఈ చివరి దానిని గూర్చి ఒక్క మాట. ఊరిలోని కొందరు పోకిరి పిల్లలు చాటున గిల్లి, రాళ్లు వేసి, వెక్కిరించి రెచ్చగొట్టుదురు. పెద్దల కంటబడునది తిరిగి కొట్టిన దెబ్బ మాత్రమే. విచారణ చేయు సభ్యులు రెండవ దెబ్బనే కాక మొదటి దెబ్బను గూడ వెదకవలెను.

కారణము కనుగొను విధము

దీనికి గొప్ప చదువు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. ప్రవర్తన చెలరేగిన ప్రతిసారియు మూడు సంగతులు వ్రాయవలెను. ముందేమి జరిగినది, అతడేమి చేసెను, పిదప ఏమి జరిగినది. తేది, వేళ, స్థలము, దగ్గరనున్న మనుష్యులు గూడ చేర్చవలెను. తల్లికి వ్రాయుట రానిచో ఆశా కార్యకర్త గాని, అంగన్‌వాడీ కార్యకర్త గాని, చదువుకొనుచున్న పొరుగింటి పిల్ల గాని వ్రాసిపెట్టవచ్చును. రెండు వారములు వ్రాసిన పిమ్మట నలుగురు కూర్చుండి చదివినచో దారి తెలియును. అన్ని గొడవలు భోజనమునకు ముందే వచ్చినచో అది ఆకలి సంగతి. ఒకే మనిషి సమక్షమున వచ్చినచో ఆ మనిషి సంగతి విచారింపవలెను. వేళాపాళా లేక హఠాత్తుగ వచ్చినచో, మునుపు లేనిది కొత్తగ పుట్టినచో, ముందుగ వైద్యుని చూపింపవలెను.

గొడవ జరుగుచున్న వేళ

ఆ క్షణమున చేయవలసిన పనులు స్వల్పములు, చేయరానివి పెక్కు. మొట్టమొదట చుట్టు మూగిన వారిని పంపివేయుడు. వేడుక చూచువారు పదిమంది యున్నంతసేపు ఎవని కోపమును చల్లారదు. పిల్లలను, వృద్ధులను ప్రక్కకు తప్పించి, కట్టె, రాయి, కొడవలి వంటివి చేతికి అందకుండ తీసివేయుడు. హారనో, పాటయో కారణమైనచో ఆపించుడు.

పిదప ఒక్కరే మాటలాడవలెను. అతడెరిగిన మనిషియై యుండుట మేలు. రెండు బారల దూరమున ప్రక్కగ నిలిచి, వెళ్లుటకు దారి విడిచి, తగ్గిన గొంతుతో చిన్న మాటలు పలుకవలెను. "నాయనా, ఏమీ లేదులే. ఇక్కడ కూర్చో. నీళ్లు తాగుదువు గాని" అన్నచో చాలును. ఒక మాట చెప్పి కొంతసేపు ఆగవలెను. అర్థము చేసికొనుటకు అతనికి మనకంటె ఎక్కువ సమయము పట్టును. "ఎందుకు చేసితివి? చెప్పు, చెప్పు" అని గద్దించుట, వాదించుట, బెదిరించుట, వెనుక నుండి పట్టుకొనుట, నేలపై బోర్ల పడద్రోసి వీపుపై కూర్చుండుట కూడదు. ఈ చివరి దాని వలన ఊపిరాడక ప్రాణము పోవు ప్రమాదము గలదు. ప్రాణాపాయమును తప్పించుటకు పట్టుకొనక తప్పనిచో, ఎంత తక్కువ బలముతో, ఎంత తక్కువ సేపు పట్టుకొన వీలగునో అంతయే చేసి వెంటనే విడువవలెను.

కొట్టినచో అణగును గదా యని కొందరందురు. దెబ్బకు జడిసి ఆ పూట అణగవచ్చును. కాని అతని పంటినొప్పి తీరలేదు, హారను మ్రోత తగ్గలేదు, మాట రాలేదు. పైగా కోపము వచ్చినచో బలహీనుని కొట్టవచ్చునను పాఠము మాత్రము నేర్చుకొనును. వాతలు పెట్టుట, మిరపకాయల పొగ పెట్టుట, అన్నము మాన్పించుట వంటివి ఎంతటి పెద్దలు చెప్పినను చేయరాదు.

చల్లబడిన పిమ్మట నిద్రయో, నీరో, ఏకాంతమో కావలసియుండును. ఆ వేళ నీతులు చెప్పకుడు. మరునాడు అతనిని చూచినపుడు ముఖము త్రిప్పుకొనక, ఎప్పటివలె పేరు పెట్టి పలుకరించుడు.

పిలుపులోని గౌరవము

మన భాషలో మర్యాద క్రియతోను, సర్వనామముతోను తెలియును. ముప్పదియేండ్లు వచ్చిన మనిషిని, వైకల్యము కలదని, పసివాడు సైతము "ఒరేయ్" అని పిలుచుట మనము వినుచున్నాము. "పిచ్చోడు", "మొద్దు", "మూగది" అను మాటలు కొందరికి ఇంటిపేరువలె అంటుకొనిపోయినవి. ఆ వయస్సువారిని ఊరిలో ఎట్లు పిలుతుమో వీరిని గూడ అట్లే, అన్నా, అక్కా, బాబాయీ, పిన్నీ యని వరుస పెట్టి పిలుచుట న్యాయము. పంచాయతీ పుస్తకమున పేరు వ్రాయవలెను, వైకల్యమును పేరుగ వ్రాయరాదు. అతని విషయము చర్చించునపుడు అతడు అక్కడ లేనట్లు మాటలాడరాదు. మాట రానంత మాత్రమున వినికిడి లేదని, తెలివి లేదని తలచుట తప్పు. బహిరంగ స్థలమున వైకల్యము గల వ్యక్తిని ఉద్దేశపూర్వకముగ అవమానించిన వారికి 2016 నాటి చట్టము 92వ సెక్షను క్రింద ఆరు నెలల నుండి ఐదేండ్ల వరకు జైలు, జుల్మానా విధింపవచ్చును.

పలకపై మాట

మార్కాపురపు పలక దేశమున నెందరో బడిపిల్లలచేత అక్షరములు దిద్దించినది. ఆ పలకనే మాట రాని వారికి నోరుగ చేయవచ్చును. పలకపై గాని, అట్టముక్కలపై గాని నాలుగైదు బొమ్మలు వేయుడు. నీళ్ల చెంబు, అన్నపు పళ్లెము, నొప్పి పుట్టిన ముఖము, ఇల్లు, వద్దని అడ్డముగ త్రిప్పిన చేయి. కావలసినదానిని వ్రేలితో చూపుట నేర్పి, చూపిన వెంటనే ఆ కోరికను వీలైనంతవరకు తీర్చవలెను. ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనువారు 1985లో అమెరికాలో ఇట్టి చిత్రముల పద్ధతి నొకదానిని రూపొందించిరి. అది నేడు అనేక దేశములలో వాడుకలో నున్నది. అట్లే పొద్దున లేచినది మొదలు నిద్రించువరకు జరుగు పనులను వరుసగ బొమ్మలు వేసి గోడకు అతికించినచో "తరువాత ఏమి?" అను భయము తగ్గును. బడియీడు పిల్లల విషయమున సమగ్ర శిక్ష క్రింద మండలములలో నడచు భవిత కేంద్రముల ఉపాధ్యాయులు ఈ పనియందు సాయపడుదురు.

గొలుసు పరిష్కారము కాదు

తమిళనాడు రామనాథపురము జిల్లాలోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6వ తేదీన జరిగిన ఘోరమును ప్రతి పంచాయతీ సభ్యుడును తెలిసికొనవలెను. మానసిక వ్యాధిగ్రస్తులను ఉంచుటకు వెలసిన ప్రైవేటు గృహములలో ఒకదానికి, తాటాకు పాకకు, నిప్పంటుకొన్నది. లోపలివారు గొలుసులతో బంధింపబడి యుండిరి. పరుగెత్తుటకు కాళ్లు స్వాధీనములో లేవు. 28 మంది మరణించిరి. వారిని అచ్చట చేర్చినవారు శత్రువులు కారు, ఏమి చేయుటకును తోచని కుటుంబములవారే. గొలుసు వేసిన చేతులకు దురుద్దేశము లేకపోవచ్చును. కాని నిప్పునకు, పామునకు, వరదకు ఆ సంగతి తెలియదు.

నేటి చట్టము ఈ విషయమున స్పష్టముగ నున్నది. 1912 నాటి ఉన్మాదుల చట్టమునకు బదులుగ 1987లో ఒక చట్టము, దానికి బదులుగ 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము వచ్చినవి. 2018 మే 29 నుండి అమలులో నున్న ఈ చట్టము 95వ సెక్షను, మానసిక వ్యాధిగ్రస్తులను ఏ రూపమునను గొలుసులతో బంధింపరాదని శాసించుచున్నది. వైకల్యము గల వారిని క్రూరముగ, హీనముగ చూడకుండ కాపాడుట ప్రభుత్వ బాధ్యతయని 2016 చట్టము 6వ సెక్షను చెప్పుచున్నది. ఎవరిపైనైనను హింస జరుగుచున్నదని నమ్మిన ఏ వ్యక్తియైనను ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు, అనగా మండలమున తహసీల్దారునకు, తెలుపవచ్చునని 7వ సెక్షను చెప్పుచున్నది. మానసిక వ్యాధితో దిక్కులేక తిరుగువారు కానవచ్చినచో పోలీసు అధికారి వారిని రక్షణలోనికి తీసికొని, 24 గంటలలోపల ప్రభుత్వ వైద్యశాలకు చేర్పవలెను. లాకప్పులో ఉంచరాదు. కావున "కట్టివేయుడు" అని పంచాయతీ తీర్మానించుట చట్టవిరుద్ధము.

అయినను ఒక తల్లి బిడ్డను త్రాటితో కట్టి పనికి పోయినదని తెలిసినచో, ముందుగ పోలీసుల మాట ఎత్తుట విజ్ఞత కాదు. ఆమె కూలికి పోకున్న పొయ్యి వెలుగదు. బిడ్డను విడిచిపోయినచో బావిలో పడునేమో, రైలుకట్ట ఎక్కునేమో యని భయము. త్రాటిని విప్పుమని చెప్పు పంచాయతీ, త్రాడు చేయుచున్న పనిని ఎవరు చేయుదురో గూడ చెప్పవలెను.

కుటుంబమునకు తోడ్పాటు

మొదటిది ధ్రువపత్రము. 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము కలదని వైద్య శిబిరమున ధ్రువీకరణ పొందినవారికి పింఛను లభించును. ఎన్టీఆర్ భరోసా క్రింద 2024 జూలై నుండి ఈ పింఛను నెలకు 6,000 రూపాయలకు పెరిగినది. బిడ్డను శిబిరమునకు తీసికొనిపోవుటయే కష్టమైన కుటుంబములు గలవు. బస్సులో జనమును చూచి అతడు బెదరును. అట్టి వారికి పంచాయతీ ఒక ఆటో ఏర్పాటు చేయుట, శిబిరమున ముందుగ పిలిపించుట చిన్న పనులే యైనను ఏండ్ల తరబడి ఆగిన పింఛనును తెప్పించును.

రెండవది 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యము, బహుళ వైకల్యములు గల వారికి 18 ఏండ్లు నిండిన పిదప సంరక్షకుని నియమించుటకు జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానిక కమిటీ యుండును. "నా తరువాత వీనికి దిక్కెవరు?" అను తల్లి ప్రశ్నకు కొంత జవాబు ఇందు గలదు. ఆ ట్రస్టువారి నిరామయ పథకము క్రింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కలదు.

మూడవది వైద్యము. మార్కాపురము, గిద్దలూరులలోని ప్రభుత్వ ఆసుపత్రులలో ముందుగ పండ్లు, చెవులు, కడుపు, మూర్ఛ విషయములు పరీక్ష చేయించుడు. మానసిక వైద్యుని సలహా కావలసినచో ఒంగోలునకు పోవలసియుండును. మార్కాపురము నుండి అది సుమారు 100 కిలోమీటర్ల దూరము. అంతదూరము పోలేని వేళ 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఫోను చేసి రేయింబవళ్లు తెలుగులో ఉచితముగ సలహా పొందవచ్చును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ సేవ అలసిపోయిన తల్లిదండ్రులకు గూడ ఉద్దేశింపబడినదే. వైద్యుడు ఇచ్చిన మందును ఊరుకొన్నాడు గదా యని హఠాత్తుగ మానరాదు. కదలకుండ పడియుండుటకు మందు పెంచుమని కోరరాదు.

నాలుగవది విశ్రాంతి. వారమునకు రెండు పూటలైనను ఆ తల్లికి బదులుగ మరియొకరు కూర్చుండవలెను. స్వయంసహాయక సంఘముల స్త్రీలు వంతులవారీగ ఈ పని చేయగలరు. ఇందుకు పంచాయతీకి పైసా ఖర్చు లేదు, అడుగు పెద్దమనిషి మాత్రము కావలెను.

పంచాయతీ తానుగ చేయదగిన పనులు గూడ గలవు. జాతరలలో, పెండ్లి ఊరేగింపులలో అట్టి వ్యక్తి యున్న ఇంటి ముందు లౌడుస్పీకరు, టపాకాయలు నిలుపుట, తిరునాళ్ల సంగతి రెండు దినములు ముందుగ ఆ కుటుంబమునకు తెలుపుట, తెరచియున్న బావులకు, బోరు గుంతలకు మూతలు వేయించుట, గ్రామసభలో ఈ కుటుంబములవారిని ముందుగ మాటలాడనిచ్చుట, అభివృద్ధి ప్రణాళికలో వారి అవసరములను చేర్చుట మొదలైనవి.

దెబ్బ తిన్నవారి మాట

ఇంతయు చెప్పి, దెబ్బ తిన్నవారిని మరచుట న్యాయము కాదు. గౌరవమనగా దెబ్బలు ఓర్చుకొనుమని పొరుగువారికి చెప్పుట కాదు. వారి చికిత్స, వారి భయము, వారి నష్టము పంచాయతీ మొదట విచారింపవలసిన విషయములు. ఆ విచారణ జరుగనిచో ఎంత మంచి మాట చెప్పినను ఊరు వినదు. ప్రాణాపాయము నిజముగ నున్న వేళ 108కి ఫోను చేయుటకు సంకోచింపరాదు.

మరల ఆ గ్రామమునకు

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. సర్పంచిగారు రచ్చబండపై ఆ దినమున తీర్పు చెప్పరు. ముందుగ వృద్ధురాలిని ఆసుపత్రికి పంపి, ఖర్చు విచారింతురు. ఆమె కుమారునితో "నీ కోపము న్యాయమే నాయనా. మరల ఇట్లు జరుగకుండ చేయుట మా పని. రెండు వారములు గడువిమ్ము" అందురు. తల్లితో "అమ్మా, నిన్నెవరును తప్పు పట్టుట లేదు. ఏ వేళ ఏమగునో నీకు తెలిసినంత మాకు తెలియదు, చెప్పుము" అందురు. ఆశా కార్యకర్తకు నోటుపుస్తకము ఇత్తురు.

రెండు వారముల వ్రాత చూడగా గొడవ యంతయు ట్యాంకరు వచ్చిన అరగంటలోనే యని తేలును. వైద్యుడు చూడగా చెవిలో చీమున్నదని తెలియును. చీము పట్టిన చెవికి హారను మ్రోత ఎట్లుండునో ఎవరైనను ఊహింపవచ్చును. చెవికి మందు పడును. ట్యాంకరు డ్రైవరు ఆ వీధిలో హారను మ్రోగింపడు. వార్డు సభ్యుడు ముందుగ వచ్చి ఇంటింట చెప్పును. ఆ యింటి బిందెలు అందరికంటె ముందు, వేరుగ నింపబడును. అంతలో పొరుగింటి బాబాయి అతనిని చెరువుగట్టు వైపు నడకకు తీసికొనిపోవును. ఇంటి గోడపై ట్యాంకరు బొమ్మ, దాని ప్రక్కన చెరువు బొమ్మ అతికింపబడును.

ఇంతటితో అన్నియు చక్కబడునని చెప్పుట లేదు. అతడు మరల ఎప్పుడైనను చేయి కొరికికొనవచ్చును. తండ్రి వచ్చి పోయిన దినములలో మరల కేకలు వినవచ్చును. అపుడు మరల పుస్తకము తెరువవలెను. కాని పది గొడవలు రెండైనచో ఆ వీధికి అది పెద్ద లాభము. స్తంభమునకు కట్టబడవలసిన మనిషి చెరువుగట్టున నడచుచున్నచో ఆ గ్రామమునకు అది గౌరవము. అతని దేహమున బలమున్నది, నిండు బిందె మోయగలడు. చేయి అతుకుకొనువరకు ఆ వృద్ధురాలి యింటికి ఒక బిందె నీళ్లు తల్లి వెంట అతడే చేర్చినచో, ఇరువురకును ఒకరి భయ మొకరికి తగ్గును.

తరువాతి సమావేశమున, సభ్యులారా, మీ గ్రామమున ఇట్టి కుటుంబములు ఎన్ని యున్నవో విచారించి పేర్లు వ్రాసికొనుడు. ఫిర్యాదు వచ్చువరకు ఆగక ఇద్దరు సభ్యులు ఆ యిండ్లకు పోయి "ఏమి కావలెను?" అని అడుగుడు. ఆ తల్లిదండ్రులను ఆ ప్రశ్న అడిగినవారు ఇంతవరకు చాల కొద్దిమంది.